వింత కంట్రోలర్ కొనాలా, పాత గేమ్‌ప్యాడే చాలా?

2013 సెప్టెంబరులో, స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల ఆన్‌లైన్ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ స్టీమ్ కంట్రోలర్ ఫొటోను బయటపెట్టినప్పుడు గేమర్లందరి కళ్లూ కుడి స్టిక్ (బొటనవేలితో వంచే చిన్న మీట) కోసం వెతికాయి. అది లేదు. ఎడమ స్టిక్ కూడా లేదు. రెండు బొటనవేళ్ల కిందా రెండు పెద్ద గుండ్రటి ట్రాక్‌ప్యాడ్‌లు, వాటి మధ్య చిన్న టచ్‌స్క్రీన్, దాని చుట్టూ నాలుగు బటన్లు. గుడ్లగూబ ముఖంలా ఉందన్నారు కొందరు. స్టిక్ లేకుండా మనిషిని పరుగెత్తించేది ఎలా అని మరికొందరు కోప్పడ్డారు. మౌస్ ఉంటే తప్ప ఆడలేని స్ట్రాటజీ ఆటలను ఇక సోఫాలో కూర్చుని ఆడుకోవచ్చని ఇంకొందరు సంబరపడ్డారు. వాళ్లలో దాదాపు ఎవరూ అప్పటికి దాన్ని చేత్తో పట్టుకోలేదు.

తరువాతి రెండేళ్లలో ఆ కంట్రోలర్ చాలా మారింది. టచ్‌స్క్రీన్ పోయింది. నాలుగు బటన్లూ అందరికీ అలవాటైన చోటికి చేరాయి. ఎడమవైపు ఒక స్టిక్ వచ్చింది. 2015 నవంబరు 10న 49.99 డాలర్ల ధరతో అది అమ్మకానికి వచ్చింది. 2016 మధ్య నాటికి 5 లక్షలకు పైగా అమ్ముడైంది. 2019 నవంబరులో తయారీ ఆపేసి, మిగిలిన సరుకును 5 డాలర్లకే ఇచ్చేశారు. దానితో ఆ కథ ముగిసిందనుకున్నారు. కానీ 2022లో వచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో అవే ట్రాక్‌ప్యాడ్‌లు మళ్లీ కనిపించాయి, ఈసారి రెండు స్టిక్‌లకు తోడుగా. 2025 నవంబరులో ప్రకటించిన కొత్త స్టీమ్ కంట్రోలర్‌దీ అదే పద్ధతి: రెండు స్టిక్‌లు, రెండు ట్రాక్‌ప్యాడ్‌లు. ట్రాక్‌ప్యాడ్ పెట్టడం మంచి ఆలోచనే, కుడి స్టిక్ తీసేయడమే పొరపాటు అని ఆ సంస్థే ఒప్పుకున్నట్టుగా నాకు అనిపిస్తుంది.

ఇలాంటి కొత్త ఆకారం వచ్చిన ప్రతిసారీ నా స్నేహితులు, వాళ్ల పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే: కొనాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవాలా? ఈ వ్యాసం వాళ్ల కోసమే.

కంటి మాట, చేతి మాట

ఒక కంట్రోలర్ గురించి జనం అనే మాటలు రెండు రకాలు. బొమ్మ చూసి అనేవి కొన్ని, పది గంటలు ఆడాక అనేవి కొన్ని. కొనేముందు ఎవరి అభిప్రాయం చదువుతున్నా అది కన్ను చెప్పిన మాటా, చెయ్యి చెప్పిన మాటా అని విడదీసి చూడండి. నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే.

కంటి మాటకు బలైపోయిన కంట్రోలర్ ఒకటి ఉంది. 2005 మే నెలలో ఈ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శన సమయంలో సోనీ ప్లేస్టేషన్ 3తో పాటు వంపు తిరిగిన వెండి రంగు కంట్రోలర్‌ను చూపించింది. బూమరాంగ్ అని, అరటిపండు అని పేర్లు పెట్టారు. మరుసటి ఏడాది ఈ3 నాటికి అది మాయమై, పాత డ్యూయల్‌షాక్ ఆకారంలోనే ఉన్న సిక్సాక్సిస్ వచ్చింది. ఆ వంపు అరచేతికి హాయిగా ఉండేదో, నొప్పి పుట్టించేదో సామాన్య ఆటగాడికి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అది దుకాణం దాకా రాలేదు.

2005లోనే, సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాతా వీ కన్సోల్ రిమోట్‌ను చూపించారు. టీవీ రిమోట్‌లా ఉన్న ఈ కర్రముక్కతో ఆటలు ఆడతామా అని చాలామంది పెదవి విరిచారు. 2006 నవంబరులో వీ అమ్మకానికి వచ్చింది. చివరికి 10 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని ముందు వచ్చిన గేమ్‌క్యూబ్ సుమారు 2.17 కోట్ల దగ్గరే ఆగిపోయిందన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది.

ఆ రిమోట్ మహిమ నాకు అర్థమైంది అమెరికాలో మా అక్క ఇంట్లో. జీవితంలో వీడియో గేమ్ ముట్టని మా నాన్న చేతికి రిమోట్ ఇచ్చి బౌలింగ్ ఆట పెట్టారు. వెనకున్న బి బటన్ నొక్కిపట్టి చెయ్యి ఊపాలి, బంతి విడవాల్సిన క్షణంలో వేలు తీయాలి. నాన్న మొదటిసారి చెయ్యి వెనక్కి వెళ్తుండగానే వేలు తీసేశారు. తెర మీద బంతి వెనకున్న జనంలోకి దూకింది, వాళ్లు ఉలిక్కిపడ్డారు. రెండోసారి సరిగ్గా వదిలారు. మూడోసారికి మణికట్టు కొద్దిగా తిప్పి బంతిని వంపు తిప్పుతున్నారు. ఎవరూ నేర్పలేదు. రెండు స్టిక్‌లు, పదహారు బటన్లు ఉన్న ప్యాడ్ ఇచ్చి ఉంటే ఆయన నిమిషంలో పక్కన పెట్టేసేవారు. ఇంట్లో ఎప్పుడూ ఆడనివాళ్లతో కలిసి ఆడాలన్నదే మీ కోరిక అయితే, ఊపి ఆడే కంట్రోలర్‌ను మించినది నాకు ఇంకా కనిపించలేదు.

అయితే చేతి మాటను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌తో వచ్చిన కంట్రోలర్‌కు ‘డ్యూక్’ అని పేరు. అది భారీగా ఉండేది. చిన్న చేతులవాళ్ల బొటనవేళ్లు బటన్ల దాకా అందేవి కావు. జపాన్ మార్కెట్ కోసం చిన్నది తయారుచేశారు, కొంతకాలానికి అన్ని దేశాల్లోనూ ఆ చిన్నదే మామూలు కంట్రోలర్ అయింది. డ్యూక్ మీద వచ్చిన ఫిర్యాదు పట్టుకుని ఆడినవాళ్ల ఫిర్యాదు, అందుకే అది సరైనది. అయినా 2018లో హైపర్‌కిన్ అనే సంస్థ డ్యూక్‌ను మళ్లీ తయారుచేస్తే కొన్నవాళ్లు ఉన్నారు. పెద్ద చేతులవాళ్లకు అది మొదటి నుంచీ సుఖంగానే ఉంది మరి. చేతి మాట నిజమే గాని, అది ఎవరి చెయ్యి అన్నది కూడా చూడాలి.

స్టిక్ ఎందుకు గురి తప్పుతుంది

ఏది కొనాలో తేల్చుకోవడానికి ఒక్క సాంకేతిక విషయం తెలిస్తే చాలు.

స్టిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ వంటిది. ఎంత వంచితే చూపు అంత వేగంగా తిరుగుతుంది, వదిలేస్తే ఆగుతుంది. అంటే మీరు చెప్పేది వేగం. శత్రువు మీద చూపు ఆగాలంటే సరైన క్షణంలో స్టిక్‌ను మధ్యకు తేవాలి. ఒక్క పిసరు ఆలస్యమైతే దాటిపోతుంది, ముందే వదిలితే ఇటే ఆగిపోతుంది. మౌస్ అలా కాదు. అది బల్ల మీది గ్లాసును జరపడం లాంటిది. చెయ్యి ఎంత జరిగితే చూపు అంతే జరుగుతుంది, చెయ్యి ఆగిన చోటే ఆగుతుంది. అందుకే కన్సోల్‌లో వచ్చే షూటింగ్ ఆటల్లో గురిని శత్రువు వైపు కొద్దిగా లాగే సహాయం లోపలే పెడతారు. అది లేకపోతే స్టిక్‌తో ఆడటం చాలామందికి కష్టమే.

ట్రాక్‌ప్యాడ్, జైరోస్కోప్ (కంట్రోలర్ వంపును పసిగట్టే సెన్సర్, క్లుప్తంగా జైరో), జాయ్‌కాన్ 2 మౌస్ (మౌస్‌లా కూడా వాడుకోగల నింటెండో స్విచ్ 2 కంట్రోలర్) చూడటానికి ఒకదానికొకటి పోలిక లేనివి. కానీ మూడూ ఈ ఒక్క లోటు తీర్చడానికి వచ్చినవే. కాబట్టి మీరు ఆడే ఆటల్లో గురి పెట్టే పని ఎంత ఉందో మొదట లెక్క వేసుకోండి. ఫుట్‌బాల్, క్రికెట్, కారు పందేలు, గెంతుతూ సాగే సాహస ఆటలు ఆడేవాళ్లకు ఆ పని దాదాపు లేదు. వాళ్లకు ఈ వింతలేవీ అక్కర్లేదు. మామూలు ప్యాడ్ కొనుక్కుని హాయిగా ఆడుకోవచ్చు. పీఎస్5 మన దేశానికి 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు దాని డ్యూయల్‌సెన్స్ ప్యాడ్ ధర 5,990 రూపాయలు. ఏ కొత్త కంట్రోలర్‌నైనా ఆ అంకె పక్కన పెట్టి చూడటం నా అలవాటు. దానికి రెట్టింపు అడిగేది రెట్టింపు పని చేసి చూపించాలి.

ట్రాక్‌ప్యాడ్ ఎవరికి

పాత స్టీమ్ కంట్రోలర్‌తో నేను చాలాకాలం ఆడాను, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

కుడి ప్యాడ్ మీద బొటనవేలు జరిపితే చర్మం కింద సన్నని టిక్కులు తగులుతాయి. లోపల కదిలేదేమీ కనపడదు, అయినా పళ్లచక్రం మీద వేలు పెట్టినట్టే ఉంటుంది. వేలిని విదిలించి వదిలేస్తే ఆ టిక్కులు మొదట దగ్గరదగ్గరగా, తరువాత దూరదూరంగా వచ్చి ఆగుతాయి. తెర మీది చూపు కూడా సరిగ్గా అలాగే నెమ్మదించి ఆగుతుంది. ఇది చేతికి అందడానికి నాకు పది రోజులు పట్టింది. మొదటి మూడు రోజులు ప్రతి పోరాటంలో ఓడిపోయాను. పది రోజుల తరువాత మాత్రం వెనక్కి తిరిగి చూడటానికి స్టిక్‌ను వంచి పట్టుకుని ఎదురుచూడటం బరువుగా అనిపించింది.

లోటు కూడా అంతే స్పష్టంగా ఉంది. నాలుగు బటన్లు చిన్నవి, ట్రాక్‌ప్యాడ్‌కు కిందుగా లోపలికి ఉన్నాయి. బొటనవేలు ముడిచి అందుకోవాలి. వరుసగా బటన్లు నొక్కే ఆటల్లో అరగంటకే వేలు కీలు దగ్గర నొప్పి మొదలయ్యేది. ఎడమ ప్యాడ్ మీద చెక్కిన అడ్డు, నిలువు గీతలు దిశల బటన్లకు ప్రత్యామ్నాయం కాలేకపోయాయి. ఈ రెండు ఫిర్యాదులూ చేతి మాటలే, ఆడినవాళ్లందరూ చెప్పినవే.

మరో చిక్కు ఉంది. ట్రాక్‌ప్యాడ్ కంట్రోలర్ పెట్టె విప్పగానే ఆడే వస్తువు కాదు. ఏ వేలు ఏం చేయాలో ఒక్కో ఆటకు విడిగా అమర్చుకోవాలి. ఇతర ఆటగాళ్లు తయారుచేసి పెట్టిన అమరికలు స్టీమ్‌లో దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టవచ్చు. అయినా కొంత సర్దుకోవడం తప్పదు. అలా సర్దుకోవడంలోనే ఆనందం పొందేవాళ్లు ఉన్నారు, నేను వాళ్లలో ఒకడిని. పని నుంచి అలసి వచ్చి అరగంట ఆడి పడుకోవాలనుకునేవాళ్లకు అది భారం. మీరు ఎటువైపో మీకే తెలుసు.

కంప్యూటర్‌ను టీవీకి కలిపి, సోఫాలో కూర్చుని, సివిలైజేషన్ లాంటి మౌస్ ఆటలు ఆడాలనుకునేవాళ్లకు ట్రాక్‌ప్యాడ్ ఉన్న కంట్రోలర్ తీసుకోమనే చెబుతాను. 5 డాలర్లకు పోయిన పాతదాన్ని ఇప్పుడు ఎక్కువ ధర పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనవద్దు. స్టిక్‌లు కూడా ఉన్న కొత్త పద్ధతిదే మేలు, ఎందుకంటే అలవాటు పడేలోగా పాత పద్ధతిలోనూ ఆడుకోవచ్చు. ఆటలన్నీ కన్సోల్‌లోనే ఆడేవాళ్లు మాత్రం దీని గురించి ఆలోచించడం అనవసరం.

జైరో: మనవాళ్లకు ఇది కొత్త కాదు

కంట్రోలర్‌ను కొద్దిగా వంచి గురి సరిచేయడం అన్నప్పుడు పాతకాలపు కన్సోల్ ఆటగాళ్లు చాలామంది చిరాకు పడతారు. వీ రోజుల్లో చెయ్యి బారెడు ఊపిన జ్ఞాపకం వాళ్లది. ఇది అది కాదు. స్టిక్‌తో చూపును దగ్గరకు తెచ్చి, చివరి అంగుళం మణికట్టు కదలికతో సరిచేయడం ఇది. 2015లో నింటెండో స్ప్లాటూన్ అనే షూటింగ్ ఆటను మొదటి నుంచే జైరో గురితో ఇచ్చింది. దానితో ఆట మొదలుపెట్టిన పిల్లలకు ఇదే సహజం.

మన ఊళ్లలో ఫోను మీద బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే తుపాకుల ఆట ఆడే కుర్రాళ్లను అడిగి చూడండి. స్కోప్ తెరిచినప్పుడు మాత్రమే జైరో పనిచేయాలా, ఎప్పుడూ పనిచేయాలా అన్న సెట్టింగు మీద వాళ్లు గంటసేపు వాదించగలరు. తుపాకీ పైకి ఎగిరినప్పుడు ఫోనును కొద్దిగా ముందుకు వంచి అదుపు చేయడం వాళ్ల మణికట్టుకు ఎప్పుడో వచ్చేసింది. అలాంటివాళ్లు మొదటిసారి ప్యాడ్ కొంటుంటే నేను చెప్పేది ఒక్కటే: జైరో ఉన్నది కొనండి. డ్యూయల్‌షాక్ 4, డ్యూయల్‌సెన్స్, స్విచ్ ప్రో కంట్రోలర్ మూడింటిలోనూ అది ఉంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లతో వచ్చే మామూలు కంట్రోలర్‌లో లేదు. పట్టుకోవడానికి ఎక్స్‌బాక్స్ ప్యాడ్ ఎంత హాయిగా ఉన్నా, ఫోనులో సంపాదించిన విద్య అక్కడ పనికిరాదు. దుకాణంలో ఈ తేడా చెప్పేవాళ్లు అరుదు.

వింత కంట్రోలర్లన్నిటిలో ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ ఉన్నది నా లెక్కలో ఇదే. మీ ఇంట్లో ఉన్న ప్యాడ్‌లోనే అది ఇప్పటికే ఉండవచ్చు. కంప్యూటర్‌లో ఆడేవాళ్లు స్టీమ్ సెట్టింగుల్లో ఆన్ చేసుకుని వారం రోజులు చూడండి. గురి పెట్టే బటన్ నొక్కినప్పుడు మాత్రమే జైరో పనిచేసేలా అమర్చుకుంటే మొదట్లో తల తిరిగినట్టు ఉండదు.

జాయ్‌కాన్ 2, మీట లేని పెట్టె

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 జాయ్‌కాన్‌లను పక్కకు తిప్పి బల్ల మీద పెడితే మౌస్‌లా పనిచేస్తాయి. బల్ల లేకపోతే తొడ మీద పెట్టి జరిపినా పనిచేస్తుంది. గురి మౌస్‌తో సమానంగా వస్తుంది. ఇబ్బంది అంతా దాని అంచులోనే ఉంది. మౌస్ అరచేతిని మోస్తుంది, దీన్ని వేళ్లతో గిల్లినట్టు పట్టుకోవాలి. కొంతసేపటికి వేళ్లు బిగుసుకుంటాయి. స్విచ్ 2 మీకు ఎలాగూ కావాలంటే ఇది అదనపు లాభం అనుకోండి. దీనికోసమే ఆ కన్సోల్ కొనవద్దు.

స్ట్రీట్ ఫైటర్ వంటి పోరాట ఆటల కోసం హిట్ బాక్స్ అనే రకం ఉంది. మీట ఉండదు. ఎడమ, కుడి, కింద దిశలకు ఎడమచేతి వేళ్ల కింద బటన్లు, పైకి ఎగరడానికి బొటనవేలి కింద పెద్ద బటన్. హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టినట్టు పెట్టి ఆడాలి. మీటను ఒక కొస నుంచి మరో కొసకు లాగే సమయం ఆదా అవుతుంది కాబట్టి అన్యాయం అని కొందరు, మణికట్టు నొప్పి తగ్గింది కాబట్టి ప్రాణం లేచొచ్చిందని కొందరు వాదించుకున్నారు. 2019లో జపాన్‌కు చెందిన పేరున్న ఆటగాడు దైగో ఉమెహారా వాడబోయిన గాఫ్రో బాక్స్ అనే ఇలాంటి పెట్టెను, స్ట్రీట్ ఫైటర్ తయారుచేసే క్యాప్‌కామ్ తన పోటీల్లోకి అనుమతించలేదు. అప్పటి నుంచి ఎడమ, కుడి ఒకేసారి నొక్కితే ఏమి జరగాలన్న దాని మీద పోటీలు నియమాలు పెట్టుకుంటున్నాయి. పోటీకి వెళ్లాలనుకునేవాళ్లు ఆ నియమాలు చూశాకే డబ్బు పెట్టాలి. కొనేముందు కంప్యూటర్ కీబోర్డు మీద అదే ఆట రెండు వారాలు ఆడి చూడండి. వేళ్ల అమరిక దాదాపు ఒకటే. కీబోర్డు మీద రుచించనిది పెట్టె మీద కూడా రుచించదు.

ఏ ఆకారమైనా అడగాల్సిన ఒక ప్రశ్న

స్టిక్‌లో ఏ సెన్సర్ ఉంది? ఎక్కువ ప్యాడ్‌లలో ఉండేది పాత రేడియోలో వాల్యూమ్ మీట కింద ఉండే భాగమే. ఒక పూత మీద లోహపు ముక్క రాసుకుంటూ జరుగుతుంది. ఆ రేడియో కొన్నేళ్లకు వాల్యూమ్ తిప్పగానే గరగరమన్నట్టే, ఈ పూత అరిగాక స్టిక్ ముట్టకుండానే తెర మీద మనిషి నడవడం మొదలుపెడతాడు. ఆటగాళ్లు దీన్నే డ్రిఫ్ట్ అంటారు. మొదటి స్విచ్ జాయ్‌కాన్‌లు దీనికే అపకీర్తి తెచ్చుకున్నాయి. హాల్ ఎఫెక్ట్, టీఎంఆర్ అనే రకాలు అయస్కాంతంతో పనిచేస్తాయి, రాసుకునేదేమీ లేదు. కొత్త స్టీమ్ కంట్రోలర్ స్టిక్‌లు టీఎంఆర్ రకం. చవకైన ప్యాడ్‌లలో కూడా ఇప్పుడు హాల్ సెన్సర్లు దొరుకుతున్నాయి. ఆకారం ఎంత కొత్తగా ఉన్నా, లోపల పాత రకం స్టిక్ పెట్టి ఎక్కువ ధర అడిగితే నేను వెనక్కి తగ్గుతాను.

చెయ్యే వేరైనప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ రెండు చేతులు, పది వేళ్లు మామూలుగా పనిచేసేవాళ్ల గురించి. నన్ను ఎక్కువగా కదిలించిన వింత కంట్రోలర్ మాత్రం 2018 సెప్టెంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్. తెల్లటి పలక, దాని మీద అరచేయంత నల్లటి గుండ్రటి బటన్లు రెండు. వెనక వరుసగా 3.5 మిల్లీమీటర్ల సాకెట్లు 19. కాలితో తొక్కే పెడల్, మోచేతితో నొక్కే బటన్, గడ్డంతో కదిపే స్టిక్, ఎవరికి ఏది వీలైతే అది అందులో గుచ్చుకోవచ్చు. వేళ్లు సరిగా పనిచేయనివాళ్లు కూడా విప్పుకోగలిగేలా దాని అట్టపెట్టెకు సైతం ఉచ్చుల్లాంటి పట్టీలు పెట్టారు. 2023 డిసెంబరులో సోనీ తెచ్చిన యాక్సెస్ కంట్రోలర్ గుండ్రంగా ఉంటుంది, చుట్టూ బటన్లు, ఒక స్టిక్. బటన్ల తొడుగులు మార్చుకోవచ్చు. రెండు యాక్సెస్‌లు, ఒక డ్యూయల్‌సెన్స్ కలిపి ఒకే ఆటగాడి కంట్రోలర్‌గా వాడుకునే వీలుంది.

రెండింటి మధ్య ఎంచుకోవడం తేలికే. ఒక చేతిలోనైనా వేళ్లు ఆడుతూ, పీఎస్5 ఉన్నవాళ్లకు యాక్సెస్ పెట్టె విప్పగానే పనికొస్తుంది. కదలిక బాగా తక్కువగా ఉండి, శరీరంలో వేర్వేరు చోట్ల బటన్లు అమర్చాల్సినవాళ్లకు అడాప్టివ్ కంట్రోలర్ సరైనది. వచ్చినప్పుడు దాని అమెరికా ధర 99.99 డాలర్లు. కానీ ఆ పలక సగం ఖర్చే. గుచ్చే బటన్లు, పెడళ్లు విడిగా కొనాలి, అవి ఒక్కొక్కటీ ఖరీదే. అందుకే ఒకేసారి అన్నీ కొనవద్దు. ఆడబోయే మనిషి పక్కన కూర్చుని, ఏ కదలిక అలసట లేకుండా వందసార్లు చేయగలరో అడగండి. తల వంచడమా, మడమ నొక్కడమా, భుజం కదపడమా? ఆ ఒక్క కదలికకు సరిపడే బటన్ ఒకటి తెచ్చి, ఒకే బటన్‌తో ఆడే ఆట పెట్టి వారం చూడండి. రెండో బటన్ ఎక్కడ పెట్టాలో ఆ వారంలో వాళ్లే చెబుతారు.